సన్న గుండుకు లావు బెజ్జాలు

మా సంఘంలో పిల్లలు ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను చుట్టుకుంటారు. "తాతా, పోలీసులో ఉంటివంట కదా, ఎంతమందిని కాల్చినావు?" అని అడుగుతారు. ఒక్కరినీ కాల్చలేదంటే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. నేను ఆయుధాలు బాగుచేసేవాణ్ణి. తుపాకులు విప్పడం, తుడవడం, నూనె పూసి బిగించడం నా పని. కాల్చేది వేరేవాళ్ళు. వాళ్ళ గురి తప్పితే తిట్లు మాత్రం నాకు. అయినా ఆ పిల్లలను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను. ఇందులో రివాల్వరు పేలుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. ఒక పెద్దమనిషి పింఛను మాత్రం చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడుతుంది.

మా నాయన హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో ఉపదేశి. మిషను బడిలో నాకు వాక్యం, ఇంగ్లీషు, ఇనుప పని మూడూ నేర్పారు. మొదటిది ఆత్మకు, మూడోది కడుపుకు పనికొచ్చాయి. రెండోది ఊళ్ళోవాళ్ళ అర్జీలు రాసిపెట్టడానికి పనికొచ్చింది. అబద్ధం ఆడరాదన్న పాఠం మా ఇంట్లో సంగటి కంటే ముందు వడ్డించేవారు. దాంతో పోలీసు లైన్లలో నాకొక పేరు పడింది. నన్ను ఏమీ అడగకపోతే అందరూ క్షేమంగా ఉంటారని చెప్పుకునేవారు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను పెనుకొండలో ఉన్నాను. శనివారం సాయంత్రం రైలెక్కి హిందూపురం పోయి, ఆదివారం మా ప్రార్థన గుడిలో అవకాశం ఇస్తే నాలుగు మాటలు చెప్పి, సోమవారం తిరిగొచ్చేవాణ్ణి. ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. ఏటా జరిగే రివాల్వరు పరీక్షలో తప్పినవాడు ఎంత సర్వీసు ఉన్నవాడైనా సరే, పనికిరాడని రాసి ఇంటికి పంపాలి. పింఛను కూడా కోసి ఇస్తారు. ఇంతా చేసి, పరీక్షకు కావలసిన తూటాలు మాత్రం పంపలేదు. అవన్నీ యుద్ధానికి పోయాయి.

ఇంకెవరైనా అయితే తూటాలు లేవని రాసి చేతులు దులుపుకునేవారు. అప్పుడు మాకున్న ఉప సూపరింటెండెంటు కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మేము చాటున చిన్నదొర అనేవాళ్ళం. పనంటే ఆయనకు పండగ. స్టేషను సామాన్ల గదిలో తిరుగుతూ, ఎప్పుడో రామగిరి బంగారు గని మూతపడ్డప్పుడు ఒక దొర అప్పగించి పోయిన రివాల్వరును పట్టుకొచ్చాడు. దానితో పాటు ఒక డబ్బా నిండా తూటాలున్నాయి. ఫ్రెంచి దేశపు తయారీ. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, ఎనిమిది మిల్లీమీటర్లు. మా జిల్లాలో అలాంటిది ఇంకొకటి ఉండి ఉండదు. మా శాఖ రివాల్వరు గుండు బొటనవేలి గోరంత లావుంటే, దీనిది చిటికెన వేలి గోరంత.

"చూశావుటయ్యా, ఎంత నాజూకుగా ఉందో," అన్నాడు చిన్నదొర. "పరీక్ష దీనితోనే పెట్టేద్దాం."

"తూటాలు పాతవయ్యా. పేలుతాయో, చేతిలోనే పగులుతాయో చూడల్ల."

"అందుకే ముందు నువ్వు కాల్చు. తర్వాత నేను కాలుస్తాను."

కొండ కింద మా చాంద్‌మారీ ఉండేది, అంటే కాల్పులు నేర్చుకునే మైదానం. ఇద్దరం అక్కడికి పోయాం. నేను కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి మట్టికట్ట మీదికి కాల్చాను. శాఖ రివాల్వరు పేలితే దున్నపోతు తన్నినట్టు మోచేయి దాకా అదిరేది. ఇది మేకపిల్ల కుమ్మినట్టుంది. శబ్దం కూడా సన్నగా, కొరడా విదిలించినట్టుంది. ఒకటి రెండు తూటాలు పేలలేదు గాని పగిలినవి లేవు. తూటాలు పెట్టే చక్రం మన వాటికి లేని విధంగా కుడివైపుకు తెరుచుకుంటుంది. దాంతో ఏ చేత్తో ఏది పట్టుకోవాలో తెలియక చిన్నదొర కొంతసేపు దానితో కుస్తీ పట్టాడు. తర్వాత తానూ కాల్చి, మీసం లేని పెదవిని మీసం ఉన్నట్టు నిమురుకున్నాడు. ఆ రోజు గురి బోర్డులు పెట్టలేదు. మట్టిలో పడ్డ గుండు ఎంత బెజ్జం చేసిందో ఎవరు చూస్తారు?

ఇక్కడ మా పెద్ద హెడ్డు కానిస్టేబులు సంగతి చెప్పాలి. కదిరి సాయిబు. పింఛనుకు ఏడాది లోపే ఉంది. రెండు కళ్ళకూ పొర కమ్మింది. మనిషిని నడక చప్పుడు బట్టి గుర్తుపట్టేవాడు. ఒకసారి తాలూకా కచేరీ ముందు కట్టేసిన గుర్రానికి సెల్యూటు కొట్టాడని చెప్పుకునేవారు. దాని మీద దొర ఉన్నాడని ఆయన చివరిదాకా వాదించాడు. నాకూ ఆయనకూ భక్తి విషయంలో రోజూ పోటీ.

"మీరు వారానికొక తూరి పోతారు. మేము దినానికి అయిదు తూర్లు. నీకంటే నా మాటే ముందు వినపడతాది లే అప్పా," అనేవాడు.

"అందుకే అన్నా, మేము పాటలు గట్టిగా పాడేది," అనేవాణ్ణి.

ఇంత చూపు తక్కువ మనిషికి ప్రతి ఏటా పరీక్షలో అందరికంటే మంచి మార్కులు వచ్చేవి. తన గురి మీద ఆయనకు గొప్ప నమ్మకం. "గురికి కన్నేంటికిరా, గుండె ఉండల్ల," అని కొత్త కానిస్టేబుళ్ళకు పాఠం చెప్పేవాడు. వాళ్ళు తల వంచుకుని వినేవాళ్ళు. తల వంచుకోవడం మర్యాద కోసం కాదు, నవ్వు దాచుకోవడానికి.

ఎందుకంటే గురి బోర్డుల కింద ఒక గుంత ఉండేది. అందులో ధర్మవరం నేతగాళ్ళ ఇంటి నుంచి వచ్చిన ఒక కానిస్టేబులు కూర్చునేవాడు. కాల్పులు అయ్యాక బోర్డు కిందికి దించి, గుండ్లు ఎక్కడ పడ్డాయో గుర్తు పెట్టి, కాగితం విప్పి పంపడం అతని పని. అతని జేబులో ఒక కండె పుల్ల ఉండేది. మగ్గం నాడెలో పోగు చుట్టి పెట్టే పుల్ల. అది సరిగ్గా మా శాఖ గుండంత లావు. పెద్ద హెడ్డు గుండ్లు కొండకు అర్పణమైతే, ఇతను ఆ పుల్లతో నడిమి నల్ల చుక్కలో చక్కగా పొడిచేవాడు. పట్టు నేసే చేయి కాబట్టి అంచు చిరగకుండా, అచ్చం గుండు పడ్డట్టే ఉండేది. పై అధికారులకు కూడా అడగకుండానే పొడిచి పెట్టేవాడు. దానికి కారణం వేరు.

"దొరకు గురి తప్పితే పడేదాకా కాలుస్తాడు. ఎండలో గుంతలో మాడేది మేము కదన్నా," అనేవాడు.

పెద్ద హెడ్డుకు పొడవడం మాత్రం ప్రేమతో. ఇతని భార్య కాన్పుకు ధర్మవరంలో కష్టపడుతుంటే సెలవు దొరకలేదు. పెద్ద హెడ్డే ఇతన్ని రైలెక్కించి, ఇతని బదులు తుపాకి పట్టుకుని ఖజానా ముందు నిలబడ్డాడు. ఆ సంగతి లైన్లలో ఎవరూ మరవలేదు. పుల్ల సంగతి కూడా పెద్ద హెడ్డుకు తప్ప అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నన్నెవరూ అడగలేదు.

పరీక్ష రోజు వచ్చింది. రివాల్వరు ఒక్కటే కాబట్టి ఇద్దరిద్దరిని జతగా పెట్టారు. ఒకరు ఎడమ బోర్డు మీద, తర్వాత ఇంకొకరు కుడి బోర్డు మీద ఆరేసి గుండ్లు కాల్చాలి. ఆ తర్వాత రెండు బోర్డులూ ఒకేసారి కిందికి దించుతారు. మొదటి జత చిన్నదొర, పెద్ద హెడ్డు. చిన్నదొర ఎడమ చేయి నడుం మీద పెట్టుకుని కాల్చాడు. తర్వాత పెద్ద హెడ్డు వచ్చాడు. నేను తూటాలు నింపి చేతిలో పెట్టి, బోర్డు వైపు ఆయన భుజం తిప్పాను.

"ఇదేంది అప్పా, ఆడపిల్ల బొమ్మలాగా ఉండాది," అని బరువు చూసి, బిస్మిల్లా అని ఆరూ కాల్చేశాడు.

గుంతలోంచి గుర్తు కర్ర లేచింది. చిన్నదొరకు ఆరు. పెద్ద హెడ్డుకు ఆరు. కానిస్టేబుళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అప్పుడు తట్టింది. గుంతలో ఉన్నవాడికి రివాల్వరు కనబడదు. దాని బోరు మారిందని అతనికి ఎవరూ చెప్పలేదు. కాగితాలు అప్పటికే విప్పి పైకి పంపేశాడు.

తర్వాత జతలు కాల్చాయి. మామూలు కానిస్టేబుళ్ళకు ఎవరూ పొడవరు కాబట్టి వాళ్ళవి పడ్డవి పడ్డాయి, తప్పినవి తప్పాయి. అంతా అయ్యాక చిన్నదొర అందరినీ వరుసగా నిలబెట్టి, కొత్త బోరు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"గుండు సన్నమైన కొద్దీ బెజ్జం శుభ్రంగా పడుతుంది. ఇదిగో, ఇవాళ అందరికంటే బాగా కాల్చిన మన హెడ్డుగారి కాగితం చూడండి," అని ఒక తూటా తీసి, దాని మొనను ఒక బెజ్జంలో దూర్చాడు.

తూటా ఆగలేదు. బెజ్జంలోంచి జారి అవతల నేల మీద పడింది.

చిన్నదొర దాన్ని తీసి ఇంకో బెజ్జంలో పెట్టాడు. అదీ అంతే. చిన్నదొర ఒక కానిస్టేబులు దగ్గర అతని కాగితం అడిగి తీసుకుని, అందులో పెట్టి చూశాడు. తూటా మొన బిగుతుగా నిలబడింది. ఆయన కనుబొమలు దగ్గరికి వచ్చాయి. పెద్ద హెడ్డు వైపు చూశాడు. పెద్ద హెడ్డు గాలిలోకి చూస్తూ ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు.

తర్వాత చిన్నదొరకు ఏం తోచిందో, మాకు వీపు పెట్టి తన కాగితం విప్పుకున్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను గనక చూశాను. తూటా ఒక్కో బెజ్జంలోంచి జారి ఆయన అరచేతిలో పడింది. అయిదింటిలోనూ అంతే. ఆరోదానిలో మాత్రం పుటుక్కున నిలిచింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నన్ను ఒక బండ చాటుకు పిలిచాడు. గుంతలోంచి అప్పుడే పైకొచ్చిన ధర్మవరం కానిస్టేబులు నా పక్కనుంచి పోతూ, పెదవి కదలకుండా అన్నాడు. "అన్నా, గుడిలో ఏమన్నా చెప్పుకో. ఈడ మాత్రం నోరు తెరవద్దప్పా. నీ కాళ్ళకు దండం."

కాలు ముందుకు వేస్తూ నేను ప్రార్థించాను. నిజం చెప్పే ధైర్యం ఇవ్వమని అడగలేదు, అది అలవాటే. అడిగే ప్రశ్నలు తక్కువగా ఉండేట్టు చూడమని అడిగాను. దేవుడు విన్నాడనే నా నమ్మకం.

"ఈ గుండుకు ఇంత బెజ్జం పడుతుందా?"

"పడదయ్యా."

"హెడ్డువి ఎన్ని నిజం?"

"ఆయన కాగితంలో ఒక్కటీ లేదయ్యా."

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "నావి?"

"మీ కాగితంలో ఒకటి ఉందయ్యా."

ఎవరు పొడిచారని తర్వాతి ప్రశ్న. అది ఆయన నోటి దాకా రావడం నేను చూశాను. అడిగితే చెప్పేవాణ్ణి. ధర్మవరం కానిస్టేబులు ఇంటికి పోయి మగ్గం ముందు కూర్చునేవాడు. పెద్ద హెడ్డు కోత పింఛనుతో కదిరి చేరేవాడు. అయితే ఆ ప్రశ్న అడిగితే విచారణ పెట్టాలి, విచారణ పెడితే రెండు కాగితాలూ బల్ల మీదికి రావాలి. చిన్నదొర తన కాగితాన్ని చిన్నగా మడిచాడు. ఇంకా చిన్నగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బండ చాటునుంచి వచ్చి గట్టిగా చెప్పాడు. "ఇది శాఖ రివాల్వరు కాదు. ఈ బోరుకు అనుమతి లేదు. కాబట్టి ఇవాళ జరిగింది పరీక్ష కాదు, రివాల్వరును పరీక్షించి చూశాం, అంతే. శాఖ తూటాలు వచ్చేదాకా ఎవరికీ పరీక్ష లేదు."

ఆ తూటాలు యుద్ధం ముగిసేదాకా రావని అక్కడున్న అందరికీ తెలుసు. అప్పటికి పెద్ద హెడ్డు పూర్తి పింఛనుతో ఇంట్లో ఉంటాడు. కానిస్టేబుళ్ళు ఊపిరి వదిలారు. నేను మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. కథ అక్కడే ముగిసి ఉంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

ఆ సాయంత్రం పెద్ద హెడ్డు తన గురి కాగితం చుట్టి చంకలో పెట్టుకుని నా పనిగదికి వచ్చాడు. మనిషి మండిపోతున్నాడు.

"ఆరుకు ఆరు కొట్టిన దినమే లెక్కలోకి రాదంటాడే. నిన్న మొన్న వచ్చిన పిల్లోడు. నాకు ఎక్కువ మార్కులు వచ్చినాయని కడుపు మంట. అనంతపురం పెద్దదొరకు అర్జీ పెడతాండా. ఇంగ్లీషులో రాయి. ఈ కాగితం కూడా దానికే కుట్టి పంపిద్దాం, సాక్ష్యంగా."

ఆ కాగితం అనంతపురం చేరితే ఏమవుతుందో నేను కళ్ళ ముందు చూశాను. పెద్దదొర అంటే జిల్లా సూపరింటెండెంటు. ఆయన బల్ల మీద ఇలాంటి తూటా ఒకటి లేకపోయినా, కొలబద్ద తప్పక ఉంటుంది.

"వద్దన్నా. లెక్కలోకి రాకపోతే మంచిదే కదా. పింఛను వస్తాది."

"పింఛను కాదప్పా, పేరు. రాయి. 'నా ఆరు గుండ్లూ నడిమధ్యలో పడినాయి, దీనికి ఆయుధాల మనిషే సాక్షి' అని రాయి. నువ్వు అబద్ధం ఆడవని పెద్దదొరకు కూడా తెలుసు."

"అట్ల రాయలేనన్నా."

"ఏంటికి? నువ్వు పక్కనే ఉంటివి. చూసినావు కదా?"

"చూసినా కాబట్టే రాయలేను."

ఆయన ముఖం నా గొంతు వైపు తిరిగింది. ఇంక దాచడానికి దారి లేదు. పెట్టె తెరిచి ఒక తూటా తీసి ఆయన చేతిలో పెట్టాను. "దీని మొన తడిమి చూడన్నా. తర్వాత నీ కాగితంలో బొక్క తడిమి చూడు."

కళ్ళు పోయినవాళ్ళకు వేళ్ళు బాగా చూస్తాయి. ఆయన గుండును రెండు వేళ్ళ మధ్య తిప్పాడు. కాగితం మోకాళ్ళ మీద పరిచి, ఒక బెజ్జం వెతికి, అందులో తూటా పెట్టాడు. జారిపోయింది. ఇంకొకటి వెతికాడు. అదీ జారింది. మూడోది వెతకలేదు. నేను ఏ తుపాకినైనా విప్పి బిగించగలను గాని, అప్పుడు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎన్నేండ్లుగా?" అన్నాడు చివరికి.

"నేను వచ్చినప్పటి నుంచీ."

"అందరికీ తెలుసా?"

"తెలుసన్నా."

ఆయన లేచి బయటికి పోయి, ధర్మవరం కానిస్టేబులును కేకేశాడు. అతను అప్పుడే స్నానం చేసి వస్తూ, తడి గుడ్డతోనే నిలబడిపోయాడు. నేను అడ్డం పడడానికి పరుగెత్తాను.

"ఏమిరా, నువ్వేనా పొడిచేది?"

"నేనే సామీ. తప్పయింది."

"తప్పు కాదురా, బుద్ధి ఉండల్ల. ఏ సంవత్సరం చూసినా ఆరూ నడిమధ్యలోనేనా? ఒకటన్నా పక్కకు పొడవద్దా? మనిషి కాల్చినట్టు ఉండల్ల కదరా, యంత్రం కాల్చినట్టు కాకుండా."

ఆ కానిస్టేబులుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పెద్ద హెడ్డు అతని తడి భుజం మీద చేయి వేసి, ఆ చేయి తీయకుండా నా వైపు తిరిగాడు.

"సరే. నా గుండ్లు ఒకటన్నా యాడన్నా పడినాయా? నిజం చెప్పు. నువ్వు నిజమే చెప్తావని తెలిసి అడుగుతాండా."

నాకంటే ముందు ధర్మవరం కానిస్టేబులే అందుకున్నాడు. "దొర బోర్డు దించినప్పుడు కాగితంలో పక్కన ఒక సన్న బొక్క కనపడింది సామీ. రాయి పెళ్ళ తగిలిందేమో అనుకున్న్యా. దొరకు అయిదే పొడిచి, దాన్ని ఆరోదిగా లెక్కేసినా. అది ఎవరిదో ఆ దేవునికే తెలుసు."

"దొరది కాదని నీకు ఎట్ల తెలుసురా?"

"తెలీదు సామీ. మీదీ కాదని కూడా తెలీదు."

పెద్ద హెడ్డు మెల్లగా తల ఊపాడు. ఆ తర్వాత నెలల్లో ఆయన నోట గురి మాట రాలేదు, అర్జీ మాట రాలేదు. కొత్త కానిస్టేబుళ్ళకు పాఠాలు మానేశాడు. ఒక ఆదివారం గుడిలో, నిజం చెప్పి మనిషిని చిన్నబుచ్చినవాడి గురించి మాట్లాడాను. మా ఇంటామె ఇంటికి పోయే దారిలో, "ఇంగ ఆ సాయిబన్నకు ఒక పూట అన్నమన్నా పెట్టు, ప్రసంగాలు చాలు," అంది. పెట్టాను. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. "వారానికొక తూరి పోయేవాళ్ళ ఇంట్లో కూర బాగుండాది," అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

పింఛను ఉత్తరువు వచ్చింది. పూర్తి పింఛను. నేనే చదివి వినిపించాను. రెండు సార్లు చదివించుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ధర్మవరంలో దిగి కదిరి బండి మారాలి కాబట్టి పొద్దున రైలుకే బయల్దేరాడు. లైన్లలో సగం మంది పెనుకొండ స్టేషనుకు వచ్చారు. రైలు వచ్చే వేళకు చిన్నదొర కూడా వచ్చాడు. ఎవరూ ఊహించలేదు.

ఆయన పెద్ద హెడ్డు ఎక్కిన రైలు పెట్టె కిటికీ దగ్గరికి వచ్చి, ముందుగా తానే సెల్యూటు చేశాడు. నడక చప్పుడు గుర్తుపట్టి పెద్ద హెడ్డు లేచి నిలబడి, సరైన దిక్కుకే తిరిగి చేశాడు.

"హెడ్డుగారూ," అన్నాడు చిన్నదొర, పక్కనున్న మాకు వినబడేట్టు. "ఆ రోజు నా కాగితంలో నిజమైన బెజ్జం ఒకటే ఉంది. అది మీదేనని నా అనుమానం. మీదేనని ఒప్పుకుంటున్నాను."

కుర్రవాడు పెద్ద మనసుతో అన్న మాట. కానిస్టేబుళ్ళు నేల చూశారు. నాకు కళ్ళు చెమర్చాయి.

పెద్ద హెడ్డు చొక్కా మీంచి పింఛను కాగితం ఒకసారి తడిమి చూసుకున్నాడు. అది ఉన్నచోటే ఉంది. గార్డు విజిలు వేశాడు.

"నాదేనని నాకు ముందే తెలుసయ్యా," అన్నాడు కిటికీలోంచి. "మీ ఆరు యాడికి పోయినాయో, అదే తెలీక ఇన్నాళ్ళూ నిద్ర పట్టలేదు."